కుండ కింద అడుగు

ఒక పెద్ద అడవిలో పోలీస్ ఠాణా కూడా పెద్దదే. అక్కడ హత్య కేసు మూసే అలవాటు లేదు, తేల్చే అలవాటూ లేదు. "దర్యాప్తు సాగుతోంది" అనగానే అడిగినవాళ్ళు లేచి ఇంటికి వెళ్ళిపోవాలి.

చుక్కమ్మ అనే దుప్పి మాత్రం వెళ్ళేది కాదు. వాగు దగ్గర ఎవరూ ఎవరినీ చంపకూడదని ఆ అడవి చట్టం. అయినా కొన్నేళ్ళ కిందట ఆమె కొడుకును వాగు ఒడ్డునే ఎవరో చంపేశారు. బురదలో ఒక్క అడుగు గుర్తు మిగిలింది.

"ఎవరో చెప్పండి బాబూ. తెలిస్తే ఆ ఒక్కడి దారి మానుకుంటాను. తెలియక అన్ని దారులూ మానుకున్నాను," అనేది చుక్కమ్మ. వాగుకు పంపడానికి భయపడి, ఉన్న ఒక్క కూతుర్నీ కొండ అవతల గుంటలో మురికినీళ్ళు తాగించి పెంచుతోంది. ఆ పిల్ల పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు.

"దర్యాప్తుకు గడువంటూ ఉండదమ్మా," అనేవాడు ఇన్‌స్పెక్టర్ ఎలుగుబంటి. "హంతకుడు బతికున్నన్నాళ్ళూ వెతుకుతాం. వాడు పోయాక ఇంకా తీరిగ్గా వెతుకుతాం."

ఆయనకు ముందున్న దుమ్ములగొండి ఇదే మాట అన్నాడు. అంతకు ముందున్న అడవిపందీ ఇదే అన్నాడు. ఠాణాలో అన్నిటికంటే భద్రంగా చేతులు మారింది ఆ మాటే.

ఆధారాన్ని మాత్రం నిర్లక్ష్యం చేశారని అనకూడదు. అడుగు పడ్డ బురదను పెళ్ళగించి తెచ్చి, ఠాణా వెనక పెట్టి, పైన కుండ బోర్లించారు. ఎండి పగలకుండా హెడ్డు నక్క పొద్దున్నే నీళ్ళు చిలకరించేవాడు. పైగా ఒక ఆచారం ఉంది. కొత్త ఇన్‌స్పెక్టర్ రాగానే కుండ ఎత్తి, ఆ గుర్తులో తన కాలు పెట్టి, "ఇది నాది కాదు" అని అందరిముందూ చెప్పాలి. హంతకుడి చేతికే కేసు వెళ్ళకుండా పెద్దలు పెట్టిన నియమం అది. అడవిపంది పెట్టాడు, దుమ్ములగొండి పెట్టాడు. ఎలుగుబంటి ఒళ్ళు బరువంతా ఆనించి మరీ పెట్టాడు. ముగ్గురూ నిర్దోషులని తేలింది.

ఇలా ఉండగా ఎలుగుబంటికి ప్రమోషన్ దగ్గరపడింది. తేలని హత్య ఒకటి నెత్తిన ఉంటే పై కుర్చీ ఇవ్వరు.

"మూసేద్దాం సార్," అన్నాడు నక్క. "హంతకుడి ఆచూకీ దొరకలేదని చెప్పేద్దాం. పక్క అడవి అధికారి ఒకరొచ్చి ఆధారం చూసి సరేనంటే చాలు. మంచి తేనెపట్టు ఒకటి చూపిస్తే ఎవరు మాత్రం కాదంటారు?"

వచ్చినవాడు ముళ్ళపంది. కౌగిలించుకుందామంటే ఒంటినిండా ముళ్ళు. తేనె పెడితే, దుంపలు తప్ప తిననన్నాడు. నేరుగా ఠాణా వెనక్కి వెళ్ళి కుండ ఎత్తాడు. గుర్తునూ ఎలుగుబంటి కాలినీ మార్చి మార్చి చూశాడు.

"ఇన్‌స్పెక్టర్ గారూ, ఒకసారి కాలు పెట్టండి."

పెట్టాడు. కొలిచి కుట్టించిన చెప్పులా సరిపోయింది.

"అదీ... మా ఆచారం ప్రకారం చార్జి తీసుకున్నప్పుడు పెట్టిన కాలండీ," అన్నాడు ఎలుగుబంటి.

"ఇంత కొత్త సాకు నేనెప్పుడూ వినలేదు," అన్నాడు ముళ్ళపంది. "పొద్దుగూకేలోగా వేరేవాడు చంపాడని రుజువు చూపించండి. లేకపోతే మీరు నాతో మా అడవి జైలుకు రావాలి."

ఎలుగుబంటి పరిగెత్తగలడని ఆ అడవికి ఆ రోజే తెలిసింది. ముందు కొండముచ్చును చెట్టు దింపాడు.

"నేను అప్పుడే చెప్పాను కదండీ," అంది కొండముచ్చు. "చెట్టు మీంచి చూసినవాడి సాక్ష్యం నేల మీద జరిగిన నేరానికి పనికిరాదన్నారు."

"ఇవాళ్టి నుంచి పనికొస్తుంది. పద."

తర్వాత దారి అడక్కుండా తిన్నగా ఒక మద్దిచెట్టు దగ్గరికి వెళ్ళి, కొమ్మల పంగలో దాచిన దుప్పి కొమ్ములు దించాడు. ఆ చెట్టు చిరుత దొరది. చిరుత దొర పులిరాజు గారి బామ్మర్ది. పొద్దు ఇంకా వాలకముందే చిరుత మెడకు తాడు పడింది. ముళ్ళపంది పక్కనే నిలబడి ఉండటంతో రాజుగారు కూడా ఏమీ అనలేకపోయారు.

చుక్కమ్మ ఆ కొమ్ములు వాసన చూసింది. అవి తన బిడ్డవే.

"ఏటేటా నా కొడుకు సంతాప సభకు పెద్దమనిషిగా వచ్చింది ఈయనే," అంది చిరుతను చూపిస్తూ. "నా కూతురి తల నిమిరి, వాగుకు ఎందుకు పంపవని నన్ను కేకలేసింది ఈయనే. బాబూ, ఈ సంగతి మీకు ఎప్పటినుంచి తెలుసు?"

"తెలియడం వేరు, దర్యాప్తు వేరమ్మా," అన్నాడు ఎలుగుబంటి, చెమట తుడుచుకుంటూ.

"ఒక్క పూట పనికి నా పిల్లను ఇన్నేళ్ళు ఎండబెట్టావు. నువ్వు చంపలేదు గానీ, వాడికంటే నువ్వేం తక్కువ?" అంది చుక్కమ్మ.  తర్వాత కూతుర్ని తీసుకుని వాగుకు వెళ్ళింది. ఆ పిల్ల తల ఎత్తకుండా చాలాసేపు తాగింది.

మర్నాడు పులిరాజు గారి ఉత్తర్వు వచ్చింది: "ఇకమీదట ఏ పోలీసు అధికారీ ఆధారంలో కాలు పెట్టరాదు." ఆ తర్వాత ఆ అడవిలో ఒక్క హత్య కేసు కూడా తేలలేదు. దర్యాప్తులు మాత్రం అన్నీ సాగుతున్నాయి.

నీతి: నేరం ఎవరు చేసినా ఫరవాలేదు, అనుమానం మాత్రం పోలీసు మీద పడాలి.