ఆడపిల్లలందరికీ ఆల్మా అనే పెట్టండి

మన స్వెన్‌బోర్గ్‌లో పుట్టే ప్రతి ఆడపిల్లకీ ఒకటే పేరు పెట్టాలి. ఆ పేరు ఆల్మా. ఇదీ నా వాదన.

నవ్వకండి. కాఫీ తాగుతూ సరదాకి అంటున్న మాట కాదిది. డెబ్బై దాటేదాకా ఈ ఊళ్లోనే బతికి, ఊళ్లో సగంమందిని పాలసీసాల వయసు నుంచీ చూసి, బాగా ఆలోచించి అంటున్నాను. పైగా సగం పని మన యువ తల్లిదండ్రులు ఎవరూ అడక్కుండానే పూర్తిచేశారు. మిగిలిన ఆ ఇడా, కార్లా, ఆగ్నెస్ అని పెట్టేవాళ్లు కూడా కాస్త మనసు మార్చుకుంటే పని అయిపోతుంది.

లాభాలు వినండి. రేవు పక్క బేకరీ ముందు గోడవారగా పిల్లల బండ్లు వరసగా నిలబెట్టి ఉంటాయి కదా. తల్లులు లోపల వెచ్చగా దాల్చినచెక్క రొట్టెలు తింటుంటారు, పిల్లలు బయట చలిగాలిలో హాయిగా నిద్రపోతుంటారు. వెనకటి రోజుల్లో ఒక పిల్ల ఏడిస్తే ఆ ఒక్క తల్లే లేచేది. మొన్న నేను తలుపు తోసి, "ఆల్మా ఏడుస్తోంది" అన్నాను. ఐదుగురు లేచారు! ఒక బిడ్డకి ఐదుగురు తల్లులు! మనం కట్టే పన్నులన్నీ ధారపోసినా ఏ ప్రభుత్వమైనా ఇంత సంక్షేమం చేయగలదా?

ఇక వెండి చెంచా సంగతి. బాప్తిస్మానికి పిల్ల పేరు చెక్కించిన చెంచా ఇవ్వడం మన ఆనవాయితీ. చెక్కే మనిషిని వెతుక్కోవడం ఎందుకు? పాత సామాన్ల సంతకి వెళ్లండి. ఎప్పుడో పోయిన ఆల్మాల చెంచాలు పెట్టెలకి పెట్టెలు దొరుకుతాయి. తోమి ఇచ్చేయడమే. చెంచా పాతది, పేరు పాతది, పిల్ల ఒక్కతే కొత్తది. కిండర్‌గార్టెన్‌లో అయితే ఒకరి వానకోటు ఇంకొకరు తొడుక్కుని ఇంటికి పోయినా, మెడ దగ్గర కుట్టిన పేరు మాత్రం తప్పు కాదు.

ఇన్ని లాభాలున్న పేరు ఎక్కడినుంచి ఊడిపడింది? అది కూడా చెబుతాను.

మీకు ఆల్మా అనగానే తెల్లటి కర్టెన్లు, లావెండరు, అమ్మమ్మ తోటలో స్ట్రాబెర్రీ జామ్ గుర్తొస్తాయి కాబోలు. నాకు మా నాన్నగారి మేనత్త ఆల్మా గుర్తొస్తుంది. ఆవిడ దగ్గర కర్పూరం వాసనా, ఉడికిన కాబేజీ వాసనా కలిసి వచ్చేవి. కనబడిన పిల్లనల్లా దగ్గరికి పిలిచి చెవి మెలిపెట్టేది. ఆవిడ అడుగుల చప్పుడు వినబడితే చాలు, మేమంతా బల్ల కింద దూరేవాళ్లం. ఆవిడ పోయింది. ఆవిడ వేళ్లు ఎరిగిన చెవులు కూడా దాదాపు అన్నీ పోయాయి. ఇప్పుడా పేరు తీపెక్కింది. పేర్ల ఫ్యాషన్ అంటే ఇంతే. ఆ పేరున్న మనిషి చచ్చిపోవాలి, ఆ మనిషిని ఎరిగినవాళ్లూ చచ్చిపోవాలి. అప్పుడు ఎవరో ఒక అమ్మాయి ఆ పేరు దుమ్ము దులిపి, ఎంత ముద్దుగా ఉందో అంటుంది.

మా తరం పేర్లకి ఆ యోగం ఇంకా రాలేదు. యుట్టె, బెంటె, లోనె. మేం చేసిన తప్పల్లా ఇంకా బతికి ఉండడమే. బస్సులో ముందు సీట్లో మేమే. లైబ్రరీలో గొంతు తగ్గించమనేదీ మేమే. సైకిలు తప్పుదారిలో తొక్కుకొచ్చే వాళ్లని ఆపి నాలుగు మాటలు చెప్పేదీ మేమే. ఇంత మందిమి కళ్లెదుట తిరుగుతుంటే మా పేర్లకి లావెండరు వాసన ఎక్కడినుంచి వస్తుంది?

నా పేరు యుట్టె. పత్రికలో ఈ కాలమ్ పైన ఇన్నేళ్లుగా అచ్చవుతూనే ఉంది, మీరు చూసి ఉండరు.

మా కోడలు రిక్కె కడుపుతో ఉన్నప్పుడు ఒక ఆదివారం మా ఇంట్లో భోజనాలు. వేయించిన పంది మాంసం, బంగాళాదుంపలు, పేర్ల గురించి చర్చ. మా అబ్బాయి ఎస్బెన్ వేళాకోళంగా యుట్టె అని పెడదామా అన్నాడు. రిక్కె మంచి పిల్ల, మనసులో కల్మషం లేదు. అందుకే ఠక్కున నోట్లోంచి వచ్చేసింది.

"పాపం పిల్లకి అంత శిక్షా? యుట్టె అంటే మున్సిపాలిటీకి ఫిర్యాదులు రాసే మనిషి పేరులా ఉంటుంది."

అప్పుడు నన్ను చూసింది. ముఖం ఎర్రబడింది. "నిన్ను అనలేదు, పేరుని అన్నాను" అంది. ఆ వారమే మా వీధిలో చెత్తడబ్బాల గురించి మున్సిపాలిటీకి ఒక ఫిర్యాదు రాసి ఉన్నాను. ఇంకో బంగాళాదుంప వేసుకున్నాను.

పిల్ల పుట్టింది. బాప్తిస్మం దాకా పేరు బయటపెట్టకూడదు కదా, అందరం దాన్ని చిట్టెలుక అని పిలిచాం. పేరు లేనిది ఇంట్లో అదొక్కతే అనుకుంటున్నారేమో. అంతకుముందు రిక్కె నన్ను అందరిలాగే పేరు పెట్టి పిలిచేది. పిల్ల పుట్టిన మర్నాడే నేను నాన్నమ్మనైపోయాను. రిక్కెకి నాన్నమ్మని, ఎస్బెన్‌కి నాన్నమ్మని, చివరికి వాళ్ల పక్కింటివాళ్లకి కూడా నాన్నమ్మని. మా ఆయన హెన్నింగ్ ఉన్నప్పుడు వంటింట్లోంచి యుట్టె, నా కళ్లద్దాలెక్కడ అని కేక పెట్టేవాడు. ఆయన పోయాక ఆ కేక పోయింది. ఇక నా పేరు వినబడేది పళ్ల డాక్టరు దగ్గర, నా వంతు పిలిచినప్పుడు మాత్రమే. నాకు దిగులేసింది. సరదా కాలమ్‌లో రాయాల్సిన మాట కాదు గానీ, వేసింది.

బాప్తిస్మం రోజు పిల్లని ఎత్తుకునే పని నాకిచ్చారు. మా ఇంట్లో నాలుగు తరాలు తొడుక్కున్న పొడుగు తెల్ల గౌను తొడిగాం. ఎత్తుకున్న మనిషే పాస్టరమ్మ ముందు పేరు చెప్పాలి. రిక్కె చర్చి మెట్ల మీద నా చెవిలో గుసగుసగా చెప్పింది.

"ఆల్మా. ఊళ్లో ఎవరికీ లేదు. లోపలికి వెళ్లేదాకా ఎవరితోనూ అనకు."

నా చెవి చురుక్కుమంది. మేనత్త సంగతి చెప్పాలనిపించింది. చెబితే అదింకో ఫిర్యాదు అవుతుందని, పిల్ల గౌను సర్దుకుని లోపలికి నడిచాను.

ఆ రోజు మాతో కలిపి మూడు కుటుంబాలు. మా వంతు ఆఖరిది. ముందు బెంచీలో పిల్లని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. దేవుడి ఇంట్లో కూర్చుని అబద్ధం ఎందుకు, నా నాలుక చివర నా పేరే ఉంది. పాస్టరమ్మ అడుగుతుంది, నేను గట్టిగా చెబుతాను, నీళ్లు పడతాయి, అయిపోతుంది. ఆ తర్వాత జీవితాంతం రిక్కె నాతో మాట్లాడదు. అయినా ఒక్క క్షణం ఆ బేరం లాభసాటిగానే కనబడింది.

మొదటి బిడ్డని బాప్తిస్మపు నీళ్ల తొట్టి దగ్గరికి తీసుకెళ్లారు. పేరేమిటని పాస్టరమ్మ అడిగింది. ఆల్మా అన్నారు.

రిక్కె పెదవుల మీద నవ్వు అలాగే బిగుసుకుపోయింది.

రెండో బిడ్డ. పేరేమిటి? ఆల్మా!

వెనక బెంచీల్లో ఎవరో తాతగారు పైకే నవ్వారు. పాస్టరమ్మ తల వంచుకుని నీళ్లలోకి చూస్తూ ఉండిపోయింది. ఎవరికి వాళ్లు గుట్టుగా దాచుకున్న పేరు, అందరూ దాచుకున్నది అదే! నేను పిల్లతో లేచి నిలబడ్డాను. రిక్కె వెనకనుంచి వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది.

"యుట్టె" అంది. పిల్ల పుట్టాక మొదటిసారి. "యుట్టె, నీ పేరు కూడా తగిలించు. లేకపోతే మనదాన్ని ఎలా గుర్తుపడతారు?"

చూశారా, ప్రేమతో కాదు. వంశం మీద గౌరవంతోనూ కాదు. బండికి నంబరు పలక బిగించినట్టు! ఆత్మాభిమానం ఉన్న మనిషైతే అక్కడే వద్దనేది.

"ఆల్మా యుట్టె" అన్నాను, ఆ తాతగారికి కూడా వినబడేట్టు.

వారం తిరక్కుండానే మిగతా ఇద్దరికీ పలకలు పడ్డాయి. ఒకతె ఆల్మా బెంటె, ఇంకొకతె ఆల్మా లోనె. వాళ్ల నాన్నమ్మలెవరో నేను వేరే చెప్పక్కర్లేదు. ఇప్పుడా ముగ్గురూ ఒకే కిండర్‌గార్టెన్‌లో ఉన్నారు, ఇంకా బోలెడంత మంది ఆల్మాలతో కలిసి. అక్కడ పనిచేసేవాళ్లు తెలివైనవాళ్లు. రోజంతా బురద బూట్లు విప్పేవాళ్లకి పనికిరాని పేరు మోసే తీరిక ఉండదు. అందుకని ఆల్మా అన్న మాటే వదిలేశారు.

నిన్న మనవరాలిని తీసుకురావడానికి వెళ్లాను. వాన. గేటు దగ్గర గొడుగు ముడుస్తున్నాను. ఆవరణ అవతలి కొసనుంచి ఒక అమ్మాయి గొంతెత్తి కేకేసింది.

"యుట్టె, ఇంటికి వెళ్దువుగాని రా!"

"వస్తున్నా" అన్నాను నేను.

"వస్తున్నా" అంది నీటిగుంటలోంచి ఒక పసుపు వానకోటు.

పిలిచింది నన్ను కాదు. తెలుసు. ఆ పేరు దానికి ఎందుకు తగిలించారో అది కూడా తెలుసు. అయినా అంత వానలో, అంతమంది వినేట్టు, పళ్ల డాక్టరు కాని మనిషి ఎవరో నా పేరు పిలిచారు. గొడుగు మళ్లీ తెరవడం మరిచిపోయి అలాగే తడుస్తూ నిలబడ్డాను.

కాబట్టి అమ్మాయిలూ, మొహమాటపడకండి. ఆల్మా అనే పెట్టండి. అందరూ పెట్టండి.