డార్విన్ ఎండకు అడిలైడ్‌లో తర్ఫీదు

భార్యను అడక్కుండా ఫారాలు నింపే అలవాటున్న మగవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే కాస్త ఇటు జరిగి కూర్చోండి. ఈ ముచ్చట మీకోసమే.

అది తొంభయ్యో సంవత్సరం, జూలై నెల. అడిలైడ్‌లో చలికాలం. ఒక ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుండేవాణ్ణి. దేశానికి ఉత్తరపు కొసనున్న డార్విన్‌లో ఇంకాస్త పెద్ద ఉద్యోగం ఖాళీగా ఉందంటే దరఖాస్తు పెట్టాను. ఆ ఫారంలో ఒక ప్రశ్న ఉంది: మీ కుటుంబం ఇక్కడికి రావడానికి సుముఖమేనా? నేను 'అవును' దగ్గర టిక్కు కొట్టాను. ఉద్యోగం వచ్చింది, ఒప్పుకుంటూ సంతకం కూడా చేసి పంపాను. అక్టోబరులో చేరాలి. ఇక మిగిలిందల్లా కుటుంబానికి ఆ సుముఖత తెప్పించడమే.

కుటుంబం అంటే మా ఆవిడ కస్తూరి, తొమ్మిదేళ్ళ మా అమ్మాయి హెలెనా. హెలెనా సంగతి సులువే, ఈతకొలను ఉందంటే చంద్రమండలానికైనా వస్తుంది. చిక్కంతా కస్తూరితోనే. గుంటూరు నుంచి మద్రాసు, అక్కణ్ణుంచి మెల్‌బోర్న్, మళ్ళీ అడిలైడ్. మూడుసార్లూ అంతా ఖాయమయ్యాకే ఆమె చెవిన వేశాను. మూడోసారి చీరలు మడతపెడుతూ, "ఇంకోసారి ఇలా చేశారంటే మీరొక్కరే వెళ్ళండి. నేనూ పిల్లా ఇక్కడే ఉంటాం" అంది. అరిచి ఉంటే నేను పట్టించుకునేవాణ్ణి కాదు. మామూలుగా అంది కాబట్టి భయం పట్టుకుంది. వాళ్ళిద్దరూ లేకుండా డార్విన్‌లో నేను వారం కూడా ఉండలేను.

అందుకని ఒక పథకం వేశాను. డార్విన్ పేరు చెబితే ఎవరైనా జడిసేది అక్కడి ఉక్కపోతకే. ఆ ఉక్కపోతను ఇంట్లోనే కొంచెం కొంచెంగా అలవాటు చేసేస్తే, తీరా విషయం చెప్పినప్పుడు "ఓస్, ఇంతేనా" అంటారు. ఇందులో లోపం ఏముందో నాకైతే కనిపించలేదు.

హీటరు రోజుకింత పెంచుతూ పోయాను. పొయ్యి మీద పెద్ద గుండిగతో నీళ్ళు మరగబెట్టి, మూత తీసి వదిలేశాను. జలుబుకి ఆవిరి మంచిదని ఇంట్లో చెప్పాను. అయిదో రోజుకల్లా కిటికీ అద్దాల మీద నీళ్ళు కారుతున్నాయి. గోడకు తగిలించిన క్యాలెండరు వడలిపోయింది. హెలెనా స్కూలు నుంచి వచ్చి, "డాడ్, ఇట్స్ లైక్ ఎ సోనా ఇన్ హియర్" అని, ఆవిరిస్నానాల గదిలోకి వచ్చినట్టే జాకెట్టు, స్వెట్టరు, సాక్సు వరుసగా విప్పి పడేసేది.

కస్తూరి మాత్రం చెక్కు చెదరలేదు. పైగా హీటరు ముందు ప్లాస్టిక్ షీటు పరిచి మినప వడియాలు పెట్టింది. ఈ దేశం వచ్చాక చలికాలంలో వడియాలు ఎండటం ఇదే మొదటిసారని సంబరపడింది. రెండో విడత గుమ్మడి వడియాలు పెడుతూ, ఇంకాస్త పెంచమంది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. మా ఆవిడది రెంటచింతల. మే నెలలో మా పెళ్ళయితే, మా వైపు చుట్టాలు ముగ్గురు సొమ్మసిల్లి పడిపోయారు. ఆమె పట్టుచీరలో నిలబడి వాళ్ళకి మజ్జిగ అందించింది. అలాంటి మనిషికి నేను ఎండ నేర్పిస్తున్నానన్నమాట.

నేను తెనాలివాణ్ణే గానీ, పదేళ్ళుగా ల్యాబు చల్లదనంలో బతుకుతున్నాను. తర్ఫీదు తట్టుకోలేకపోయింది నేనొక్కణ్ణే. పొద్దున్నే లుంగీ బనియన్లతో పెరట్లోకి వెళ్ళి, మంచులో నిలబడి ఊపిరి పీల్చుకునేవాణ్ణి. పక్కింటి స్టీవ్ కంచె మీంచి చూసి, మా ఆవిడ నన్ను బయటికి గెంటేసిందనుకున్నాడు. పాపం, "కమ్ ఓవర్ ఫర్ ఎ కప్పా, మేట్" అని జాలిగా పిలిచాడు. వెళ్ళి రెండు కప్పుల టీ తాగాను.

మూడో వారానికి వీపంతా చెమటకాయలు పేలాయి. కస్తూరి పౌడరు రాస్తూ, ఇంత చలిలో ఇవెలా వచ్చాయని అడిగింది. ల్యాబులో మందులు పడలేదన్నాను. "అలాగా" అని ఇంకొంచెం పౌడరు రాసింది.

ఆ శనివారం మధ్యాహ్నం ప్రార్థన కూటం మా ఇంట్లోనే. కథోలికులం, లూథరన్లం, బాప్తిస్టులం, అడిలైడ్‌లో ఉన్న మా తెలుగువాళ్ళం పదిహేను మందిమి నెలకోసారి కలిసేవాళ్ళం. పెద్దావిడ ప్రిస్సిల్లా ఆంటీ నడిపించేది. ఒక్కొక్కరూ కళ్ళు మూసుకుని తమ మనవి చెప్పుకోవాలి, మిగతావాళ్ళు "ప్రభువా, మా ప్రార్థన ఆలకింపుము" అనాలి. మధ్యలో అడ్డు మాట్లాడకూడదు. ఆంటీ మోకాలి నొప్పి అయింది, ఇంకొకాయన డ్రైవింగు పరీక్ష అయింది. కస్తూరి వంతు వచ్చింది.

"ప్రభువా, నా భర్త శౌరయ్య డార్విన్ ఉద్యోగానికి ఒప్పుకుని నెలవుతోంది. ఆ మాట నాతో చెప్పే ధైర్యం ఆయనకివ్వు తండ్రీ."

అందరూ "ప్రభువా, మా ప్రార్థన ఆలకింపుము" అన్నారు. అలవాటు కొద్దీ నేనూ అన్నాను.

"మొన్న డార్విన్ ఆఫీసువాళ్ళు ఇంటికి ఫోన్ చేసి, ఎన్ని బెడ్‌రూముల ఇల్లు కావాలని నన్నడిగారు. నా సంసారం గురించి నాకు తెలియంది వాళ్ళకి తెలుసు. ఆ క్షణం నా ప్రాణం చచ్చిపోయింది ప్రభువా. అలాంటి రోజు మళ్ళీ రానీయకు."

ఈసారి అందరి గొంతులూ తగ్గాయి.

"హీటరు పెట్టుకుని ఒళ్ళంతా పేలగొట్టుకున్నారు. ఆ చెమటకాయలు తొందరగా మాన్పించు తండ్రీ."

ఎవరో దగ్గారు. ప్రిస్సిల్లా ఆంటీ భుజాలు కదులుతున్నాయి. ఆ వెనకే హెలెనా కళ్ళు మూసుకునే, "అండ్ ప్లీజ్ టెల్ డాడ్ ఐ నో టూ" అంది. దానికీ అందరూ ఆలకింపుమన్నారు.

కూటం అయ్యాక అందరికీ టీ ఇచ్చి, కస్తూరి వెనకే వంటింట్లోకి వెళ్ళాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. తప్పయిందన్నాను. వాళ్ళ ఫోనుకి ఏం జవాబు చెప్పావని అడిగాను.

"ఏం చెప్తాను? మా ఆయన ఇంకా నన్నడగలేదండీ, అడిగాక చెప్తానన్నాను."

హాల్లో మాటలు ఆగిపోయాయి. అందరూ వింటున్నారని తెలిసింది. అయినా అడిగాను. పదమూడేళ్ళ కాపురంలో మొదటిసారి, సరిగ్గా, మొత్తం వాక్యం అడిగాను.

"కస్తూరీ, మనం డార్విన్ వెళ్దామా? నువ్వు వద్దంటే సోమవారమే ఉత్తరం రాసి మానేస్తాను."

ఆమె టీ గ్లాసులు పళ్ళెంలో సర్దింది. కొంగుతో చెయ్యి తుడుచుకుంది. నా మొహంలోకి చూసి, ఎంతో మర్యాదగా చెప్పింది.

"ఆలోచించి చెప్తానండీ."

ఆ ఆలోచనకు పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ మా ఇంట్లో గిన్నెలు ఎవరు తోమారో మీకు వేరే చెప్పక్కర్లేదు.