సభ్యురాలి తరఫున

"ఇకమీదట మన వార్డులో ఏ ఆడపడుచు కంట తడి కనబడినా దానికి జవాబుదారు నేనే" అని కౌన్సిలరుగారు మైకులో ప్రకటించి, మహిళా రక్షణ కమిటీని ప్రారంభించారు. అంత గొప్ప మాటకు చప్పట్లు కొట్టకపోతే బాగుండదు గనక టైలరమ్మ కూడా కొట్టింది. కమిటీలో ఆమె కూడా సభ్యురాలే. సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళుండాలని రూలు.

కౌన్సిలరుగారిది వెన్నలాంటి మనసు. తన్నులు, గుద్దులు లాంటి మొరటు మాటలు చెవిన పడితే ఆడవాళ్ళు తట్టుకోలేరని, మొదటి మీటింగు నుంచే వాళ్ళ కుర్చీల్లో భర్తల్ని కూర్చోబెట్టారు. టైలరమ్మ కుర్చీలో ఆమె మొగుడు కుదురుకున్నాడు. ఇంట్లో నోరు తెరిస్తే బూతులే వచ్చే మనిషి, అక్కడ కాలు మీద కాలేసుకుని "స్త్రీ సమస్య చాలా లోతైనదండి" అనేదాకా ఎదిగాడు.

ఓ పొద్దున కాఫీ చల్లారిందని ఆ మనిషే ఆమె చెంప పగలగొట్టాడు. కన్ను వాచి మూసుకుపోయింది. ఇది మొదటిసారి కాదు గానీ, ఇదే ఆఖరుసారి కావాలని ఆమె గట్టిగా అనుకుంది. ఒంటి కంటితో సూదిలో దారం ఎక్కక, మిషను మూసేసి వార్డు ఆఫీసుకు వెళ్ళింది.

గుమాస్తా ఎగాదిగా చూశాడు. "మీరు కమిటీ మెంబరు కదమ్మా. మెంబర్లే తన్నులు తింటే కమిటీ పరువేం కాను?"

"పరువు సంగతి తర్వాత చూద్దాం బాబూ. ముందు ఫిర్యాదు తీసుకోండి."

"ఆడవాళ్ళ ఫిర్యాదు ఆడ మెంబరే తీసుకోవాలి. సెన్సిటివ్ మేటర్."

"నేనూ ఆడ మెంబరునే కదా."

"మీ ఫిర్యాదు మీరే తీసుకుంటే ఎలా అమ్మా? మిగతావాళ్ళ బదులు వాళ్ళాయనలే వస్తారాయె. సాయంత్రం మీటింగులోనే పెట్టేస్తాలెండి."

సాయంత్రం ఆమెను గోడవారగా స్టూలు మీద కూర్చోబెట్టారు. కౌన్సిలరుగారు ఫిర్యాదు చదివి చలించిపోయారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఘోరం. నిందితుడు హాజరయ్యాడా?"

"అయ్యానండి" అంటూ మొగుడు ఆమె కుర్చీలోంచి లేచాడు.

"ఏమంటావు?"

"పొరపాటున చెయ్యి చేసుకున్నానండి."

"కూర్చో. దీనిమీద సభ్యురాలి అభిప్రాయం?"

మొగుడు మళ్ళీ లేచాడు. "సభ్యురాలి తరఫున చెబుతున్నానండి. కాపురమన్నాక ఇవన్నీ మామూలే. రాజీ చేస్తే మంచిది."

"అది నా అభిప్రాయం కాదు" అంది టైలరమ్మ.

"మీరిక్కడ బాధితురాలమ్మా" అని కౌన్సిలరుగారు మెత్తగా మందలించారు. "సభ్యురాలు మాట్లాడేటప్పుడు అడ్డు రాకూడదు."

రాజీ ఏకగ్రీవమైంది. అయినా కమిటీ అంతటితో చేతులు దులుపుకోలేదు. బాధితురాలికి పూర్తి రక్షణ కల్పించాలని కూడా తీర్మానించింది. వీధిలో దీపాలు వెలగడం లేదు గనక, ఆమెను క్షేమంగా ఇల్లు చేర్చే పూచీ సభ్యుల్లో ఒకరికి అప్పగించారు.

టైలరమ్మ స్టూలు మీంచి కదల్లేదు. "నేనొక్కదాన్నే పోతానండి."

"అలా కుదరదమ్మా. మీకేమన్నా అయితే మాకు మాటొస్తుంది."

మొగుడు అందరికీ నమస్కారం పెట్టి, ఆమె కోసం తలుపు తీసి పట్టుకున్నాడు.