నీళ్లడగని పంట

నీళ్లు లేకపోవడమంత అదృష్టం రైతుకు మరొకటి లేదు! నవ్వకండి. ఈ విషయం మీద ఏకంగా కరపత్రమే రాసినవాణ్ణి, ఊరికే అంటానా?

నూనెగింజల కంపెనీవాళ్లు రాయించుకున్నారు. ఆ నూనెతో లారీలు నడుస్తాయి. 'నీళ్లడగని పంట! వాన లేకపోయినా బతుకుతుంది' అని రాశాను. 'కాయాలంటే మాత్రం తడులు కావాలి' అనే ముక్క కూడా ఉండేది. కాగితంలో చోటు చాలక తీసేశాను. రచనకు క్లుప్తత ప్రాణం కదా!

అందరికంటే ముందు నమ్మినవాడు మా బావ. అక్క వద్దంటున్నా టమాటా తోట పీకేసి, నాలుగెకరాల్లోనూ అదే వేశాడు.

ఆ ఏడు చినుకు పడలేదు. మొక్క మాట తప్పలేదు, బతికింది. మోకాలెత్తున, ఏడెనిమిది ఆకులతో. లాభాలు చూడండి! పురుగు పట్టలేదు, వచ్చిన పురుగు జాలిపడి పక్క చేలోకి వెళ్లిపోయింది. కోతకు కూలీల బెడద లేదు. పొయ్యి మీద పాలు పొంగేలోగా అక్క ఏడాది పంటంతా కొంగులో ఏరుకొచ్చింది.

కంపెనీ ఆఫీసరు చేను చూడ్డానికొచ్చాడు.

"కాయలేవి సార్?" అన్నాడు బావ.

"బతుకుతుందన్నాం గానీ, కాస్తుందన్నామా? వారానికో తడి ఇచ్చి చూడండి, విరగకాస్తుంది."

బావ ఇంటి బావికి మోటారు బిగించాడు. ఆఫీసరు మాట అక్షరాలా నిజం! మొక్కలు మనిషెత్తు లేచాయి, గుత్తులు గుత్తులుగా కాశాయి. బావిలో బురద తేలింది.

ఇప్పుడు ఇంటికి నీళ్లు ట్యాంకర్లో వస్తున్నాయి. ట్యాంకరు నడిచేది ఆ గింజల నూనెతోనే. "మీ చేలో నూనేనమ్మా!" అని డ్రైవరు అక్కకు గర్వంగా చెబుతాడు. స్వయంసమృద్ధి అంటే ఇంకెలా ఉంటుందండీ?

నిన్న మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను. ట్యాంకరు వచ్చి మూడు రోజులైందట. అక్క బిందె వంచి, అడుగున మిగిలినవి గ్లాసులో పోసిచ్చింది.

"మరి మీకో?"

"సాయంత్రం వస్తుందిలే. ఎండన పడొచ్చావు, తాగు."

బావ అరుగు మీద కూర్చుని చేనువైపు చూస్తున్నాడు. "నువ్వు రాశావు కదాని వేశానురా" అన్నాడు. నిష్ఠూరంగా కూడా అనలేదు. అదే ప్రాణం తీసింది.

నీళ్లు లేనిదే ఏదీ కాయదని మొక్కకు తెలుసు, అక్కకు తెలుసు, ఆఫీసరుకూ తెలుసు. తెలిసీ తెలియనట్టు రాసింది నేనొక్కణ్ణే. తలొంచుకుని గ్లాసు కడగబోయాను.

"అక్కడ పెట్టెయ్ తమ్ముడూ" అంది అక్క. "కడగడానికి నీళ్లేవి?"