సున్నా తప్పుల అంబులెన్స్

ఒక్క తప్పు కూడా లేని కంప్యూటర్ ప్రోగ్రాం ప్రపంచంలో ఇంతవరకు పుట్టలేదనీ, అది తన శాఖలోనే పుట్టబోతోందనీ మా మంత్రిగారు పత్రికలవారిని పిలిచి ప్రకటించారు. ఫోన్ చేసిన ఏడు నిమిషాల్లో అది పంపే అంబులెన్స్ గుమ్మం ముందుంటుందట. ప్రారంభోత్సవం వారం రోజుల్లో. ఆయన పీఏగా ఆ ప్రకటన టైపు చేసింది నేనే. చేస్తూ చేస్తూ సంతోషం పట్టలేకపోయాను. ఇంట్లో మా మామగారి గుండె ఏమంత బాగా లేదు మరి.

ప్రోగ్రాంని పరీక్షించే ఇంజనీరు అమ్మాయి ఏదో టూల్ తెచ్చింది. ప్రోగ్రాం నడుస్తున్నంతసేపూ అది కాపలా కాసి, ముట్టుకోకూడని మెమరీని ముట్టుకున్నప్పుడల్లా రాసిపెడుతుంది. సాయంత్రానికి ఆరువందల పదమూడు తప్పులు రాసింది.

మంత్రిగారు ఆ కాగితాల కట్టను చేత్తో బరువు చూశారు.

"ఈ టూల్ రాకముందు ఎన్ని తప్పులుండేవి?"

"తెలీదు సార్. ఎవరూ చూళ్ళేదు."

"అంటే లేవు. ఇది వచ్చాక ఆరువందల పదమూడు. మరి తప్పెవరిదమ్మా?"

ఆ లాజిక్కుకి నేను మనసులోనే దండం పెట్టుకున్నాను. అమ్మాయి మాత్రం పెట్టలేదు.

"మిగతావి పోనీండి సార్, పన్నెండోది ఒక్కటి చూడండి. ఒక కాల్ అయిపోగానే మెమరీలో ఆ అడ్రస్ ఉన్న చోటు ఖాళీ చేసేస్తాం. ఖాళీ చేశాక కూడా ప్రోగ్రాం అక్కడే చూస్తోంది. తర్వాత ఎవరు ఫోన్ చేసినా బండి పాత అడ్రస్‌కే పోవచ్చు."

"పోవచ్చు అంటున్నావు. పోతుందనట్లేదుగా?"

"ఒక్కోసారి పోదు సార్, అందుకే ఎవరి కంటా పడదు. అదే ప్రమాదం."

"అదే మన విజయం. బాగుచెయ్యడానికి ఎన్నాళ్ళు?"

"రెండు నెలలు."

"దాని నోరు మూయించడానికి?"

అబద్ధం చెప్పడం చేతకాని పిల్ల. "మినహాయింపుల జాబితా ఒకటుంది సార్. అందులో రాసిన తప్పుని అది మళ్ళీ చెప్పదు. కానీ..."

'కానీ' తర్వాతి మాట వినే అలవాటు మంత్రిగారికి లేదు.

ఇంకొకరైతే అన్నిటికీ కలిపి ఒక్క సంతకం గీకేసేవారు. మా మంత్రిగారు నిబంధనల మనిషి. ఒక్కో తప్పుకీ ఒక్కో ఫైలు తెరిపించారు. ఒక్కో దాని మీదా 'పరిశీలించితిని, మినహాయించడమైనది' అని రాసి రెండు రోజులు సంతకాలు చేశారు. వేళ్ళు వాచిపోయాయి పాపం. పన్నెండో ఫైలు అందించేటప్పుడు మామగారు గుర్తొచ్చి దాన్ని చేతిలోంచి వదల్లేకపోయాను.

"ఏంటయ్యా?"

"ఏం లేదు సార్," అని స్టాంపు గుద్దాను. నాకు భయమేసింది, అయినా గుద్దాను.

టూల్ని మళ్ళీ నడిపించారు. తప్పులు సున్నా. అమ్మాయిని స్ట్రెచర్ల గోడౌన్‌కి బదిలీ చేశారు.

ప్రారంభోత్సవం రోజు మంత్రిగారు వేదిక మీద నుంచే తొలి కాల్ చేశారు. "గుండెపోటయ్యా! మైదానంలో వేదిక దగ్గరికి రండి!" ఐదు నిమిషాల్లో బండి వచ్చింది. చప్పట్లు మారుమోగాయి.

అంతలో మా ఆవిడ ఫోన్. "ఏవండీ, నాన్నకి మళ్ళీ నొప్పొచ్చింది. మీ కొత్త నంబరుకే చేశాను. బయల్దేరిందన్నారు."

"కంగారు పడకు, ఏడు నిమిషాలు," అన్నాను. గేటు వైపే చూస్తూ నిలబడ్డాను.

సరిగ్గా ఏడో నిమిషంలో సైరన్ వినిపించింది, మైదానం గేటు దగ్గర. రెండో బండి తిన్నగా వేదిక ముందుకొచ్చి ఆగింది.

"చూశారా! ఒకటి అడిగితే రెండు!" అన్నారు మంత్రిగారు మైకులో.

మళ్ళీ మా ఆవిడే. "బండి చేరిపోయిందంటున్నారండీ. వీధిలో చూస్తే పిట్ట కూడా లేదు. నాన్న మాట్లాడట్లేదండీ..."

పరుగెత్తి ఆ డ్రైవరు భుజం పట్టుకున్నాను. "బాబూ, నీ పుణ్యముంటుంది, మా ఇంటికి పద, దారి నేను చెప్తాను."

అతను పేరడిగి, స్క్రీన్ మీద నిదానంగా వెతికాడు.

"మీ మామగారిదా సార్? బండి చేరింది, కేసు ముగిసింది అని చూపిస్తోంది. ముగిసిన కేసుకి మళ్ళీ ఎలా వెళ్ళమంటారు?"

గేటు దగ్గర ఇంకో సైరన్ మోగింది. "అదిగో, మూడోది!" అన్నారు మంత్రిగారు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.