కదలని కారుకు కొత్త ఆయిలెందుకు?

కారు ఇంజన్ ఆయిల్ మార్చేవాళ్లంతా అమాయకులు! బెంగళూరులో, బెళ్ళందూరులో కాపురముంటూ కుందలహళ్ళిలో ఉద్యోగం చేస్తున్న అనుభవంతో చెబుతున్నాను.

పది వేల కిలోమీటర్లకోసారి మార్చమని కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంది. 'లేదా ఏడాదికోసారి, ఏది ముందైతే అది' అని కూడా ఉందనుకోండి. సగం చదివి ఆపేయడం చదువుకున్నవాళ్ల హక్కు. మన రింగ్ రోడ్డు మీద పది వేలు ఎప్పటికి పూర్తవుతాయండీ? ఇంజన్ గంటలకొద్దీ నడుస్తుంది, మీటరు మాత్రం ఉలకదు, పలకదు. అంటే ట్రాఫిక్ జామ్ మనకు ఏటా ఒక సర్వీసు మిగులుస్తోందన్నమాట! అలాంటి ట్రాఫిక్‌ను తిట్టడం తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం కాదూ?

అలాగని కారంటే భక్తి లేనివాణ్ణి కాను. ఆయుధపూజకు దాన్ని షాంపూతో కడిగాను, అరటి పిలకలు కట్టాను, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాను. బానెట్‌కు గంధం, కుంకుమ కూడా పెట్టాను. ఆ బానెట్ ఎత్తి చూడమని మాత్రం ఏ శాస్త్రమూ చెప్పలేదు.

నూనె సంగతి తెలియనివాణ్ణీ కాను. మా వీధి చివర పిల్లమ్మ బజ్జీల బండి దగ్గర నిలబడి, మూకుడులో నూనె నల్లబడిందని రోజూ క్లాసు పీకేది నేనే. అది విని మా ఆవిడ సంధ్య, మన ఇంజన్ రెండేళ్లుగా ఒకే నూనెలో వేగుతోందని గుర్తుచేసింది. వంటింటి లెక్కలు కారుకు పనికిరావని నవ్వేశాను. ఆమె చదివింది మెకానికల్ ఇంజనీరింగ్ అన్న సంగతి ఆ క్షణాన గుర్తురాలేదు.

మొన్న సంధ్యకు ఇంటర్వ్యూ. పాప పుట్టాక మానేసిన ఉద్యోగంలోకి ఇన్నేళ్లకు మళ్లీ అడుగుపెట్టే అవకాశం. క్యాబ్ వద్దు, నేనే దింపుతానని పట్టుబట్టాను. డాష్‌బోర్డు మీద వారం నుంచి ఎర్ర దీపం వెలుగుతోంది. దీపం శుభమే కదా అని ఊరుకున్నాను.

బెళ్ళందూరు దాటకముందే ఇంజన్ ఆగిపోయింది. ఎప్పుడాగిందో చెప్పలేను. చుట్టూ ఎవరూ కదలడం లేదు కదా! ఉక్కపోత మొదలయ్యాక అనుమానమొచ్చింది. అంతలో ముందున్న బండ్లు కదిలాయి, వెనక హారన్లు మొదలయ్యాయి. ఇన్నాళ్లూ నేను మెచ్చుకున్న ట్రాఫిక్ జామ్ ఇప్పుడు సాక్షాత్తూ నేనే.

పక్క సందులోంచి దూరి వచ్చిన ఆటో అతను తల బయటపెట్టి, "ఏమప్పా, ఈడనే కాపురం పెట్టినావా?" అన్నాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. సంధ్య ఇన్నేళ్ల ఎదురుచూపు నా బద్ధకం మూలంగా నడిరోడ్డున నిలబడిపోయింది.

ఆమె ఫైలు తీసుకుని అదే ఆటో ఎక్కింది. మా వెనకంతా జామ్, మా ముందంతా ఖాళీ! రింగ్ రోడ్డు అంత విశాలమని నాకప్పుడే తెలిసింది. టైముకు చేరింది, ఉద్యోగం కూడా వచ్చింది. ఇదీ ఆయిల్ మార్చని పుణ్యమేనని ఇక్కడ వాదించవలసినవాణ్ణే.

కానీ ఆటో ఎక్కేముందు ఆమె నా కిటికీలోకి వంగి, చాలా మెల్లగా ఒక మాట అంది.

"మీరు నిశ్చింతగా కూర్చోండి. మీటరు పెరగదు."