వరహాలమ్మ తల అడ్డంగా ఊపిన వైనం

ఒడిశాలోని బరంపురం తెలుగు అప్పడాల టోకు వర్తకుల సంఘాధ్యక్షులు శ్రీ లక్ష్మణరావుగారి ధర్మపత్ని వరహాలమ్మ రోజూ పొద్దున్నే గోడకేసి చూస్తూ తల అడ్డంగా ఊపుతోందని తెలిసి పట్టణ పెద్దలు దిగ్భ్రాంతి చెందారు. ఇన్నేళ్ల కాపురంలో ఆ తల నిలువుగానే ఊగింది. ఆ మెడ అడ్డంగా కూడా తిరుగుతుందని ఇంట్లోవాళ్లకే తెలియదు.

సంగతేమిటంటే, ఆ వేసవిలో ఆవిడకు చిన్నమెదడులో రక్తం గడ్డకట్టింది. ప్రాణం దక్కింది గానీ లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి, నాలుగడుగులు వేస్తే ఒళ్లు తూలుతుంది. ఫిజియోథెరపిస్టు హేమ వచ్చి, ఆస్పత్రి నుంచి తెచ్చిన, పెద్ద అక్షరమున్న కాగితమొకటి గోడకు అంటించింది. చూపు దాని మీంచి కదలకుండా తల కాసేపు అడ్డంగా, కాసేపు నిలువుగా ఊపమంది.

"కళ్లు తిరిగినా బయపడకండమ్మా. మెదడు మల్లీ నేర్సుకోవాల. పక్కన మనిసుండాల గానీ సెయ్యి పట్టుకోకూడదు" అంది.

"కళ్లు తిరుగుతుంటే తల తిప్పమంటదేటి? ఇదేటి వైద్యం!" అని గిరిసోల నుంచి వచ్చిన ఆడపడుచు కూర్మమ్మ నిమ్మకాయతో దిష్టి తీసింది. వర్తక సంఘం అత్యవసరంగా సమావేశమై, గోడమీద ఉన్నది ఒడియా అక్షరం కావడాన్ని తీవ్రంగా ఖండించి, దాని స్థానంలో తెలుగు అక్షరం అంటించింది. సభ్యుల పిల్లల్లో ఎవరికీ ఆ అక్షరం రాదన్న విషయం చర్చకు రాలేదు.

లక్ష్మణరావుగారు భార్య చెయ్యి వదిలితే ఒట్టు. పెరట్లోకైనా, పూజగదిలోకైనా ఆ చెయ్యే. వీధి వీధంతా మెచ్చుకుంది. వరహాలమ్మకు మాత్రం కూరల బజారుకు ఒక్కతే వెళ్లి, తన వంకాయలు తనే ఏరుకోవాలని ఒకటే కోరిక. ఆయన చెయ్యి వదలనంతకాలం తన కాళ్లకు ధైర్యం రాదని ఆవిడకు తెలుసు. ఆ మాట చెప్పే అలవాటే లేదు.

అంతలో సంఘంవారు ఆయన పత్నీసేవకు సన్మానం తలపెట్టారు. శాలువా కప్పించుకుని, భార్యను పక్కన నిలబెట్టుకుని ఆయన మైకు అందుకున్నారు.

"సోదర సోదరీమణులారా! ఏ వైద్యశాస్త్రమూ కనిపెట్టలేని దివ్యౌషధం భర్త హస్తం! ఏటే, ఈ సెయ్యి ఎప్పుడూ ఇలాగే పట్టుకోమంటావు గదా?"

వరహాలమ్మ తల అడ్డంగా ఊపింది.

సభ చప్పట్లతో మారుమోగింది. "సూసారా! స్టేజీ మీద కూడా వ్యాయామం మాన్లేదు!" అని ఆయన పొంగిపోయారు.

"యాయామం కాదండీ. వద్దంటన్నాను. సెయ్యి వొగ్గీండి" అంది ఆవిడ, మైకు దగ్గరే.

ఆయన తెల్లబోయేసరికి పట్టు సడలింది. ఆవిడ తూలింది, కుర్చీ పట్టుకుని నిలదొక్కుకుంది. ఎదురుగా ఉన్న గుమ్మం మీద చూపు నిలిపి, మెల్లగా నడుచుకుంటూ బయటికి వెళ్లిపోయింది. సభకు వచ్చిన హేమ లేచి, చెయ్యి వెయ్యకుండా పక్కనే నడిచింది. నిజం చెప్పొద్దూ, చూస్తున్న మనకు గుండె నిండిపోయింది.

మర్నాడే సంఘం మళ్లీ కూడింది. సదరు వ్యాయామం వల్ల స్త్రీలలో దుష్పరిణామాలు తలెత్తుతున్నందున, ఇకమీదట వారు తల నిలువుగా ఊపే భాగం మాత్రమే చేయవలెనని తీర్మానం ప్రవేశపెట్టింది. సభ్యులందరూ తలలు నిలువుగా ఊపారు. వెనక వరసలో కూర్చున్న మనమూ ఊపాం. ఒక్కరికీ కళ్లు తిరగలేదు.